బిట్ పేపర్లో ఇరవైకి పద్దెనిమిది, నోటితో అడిగితే నీళ్లు నములుతున్నారు

లంకటీచర్, ముమ్మిడివరం వైపు:

అందరికీ నమస్కారమండీ. గవర్నమెంటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అయ్యాక ఇరవై బిట్లతో స్లిప్ టెస్ట్ పెట్టాను. సగం మందికి పైగా పదిహేడు, పద్దెనిమిది. బాగానే వచ్చిందనుకుని పేపర్లు ఇచ్చేస్తూ మాటవరసకి ఒకటి అడిగాను, మన చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) పగటికంటే రాత్రి ఎక్కువ ఎందుకు తిప్పుతారర్రా అని. ఈ క్లాసులో చాలామంది ఇళ్లకి చెరువులతో ఏదో ఒక సంబంధం ఉంది, నాన్న లీజుకి చేసేవాడో, రాత్రి కాపలాకి వెళ్లేవాడో. "గాలి కోసం మేడమ్" అన్నారు. మరి రాత్రే ఎక్కువ గాలి ఎందుకు కావాలి అంటే ఒక్కళ్లు నోరు విప్పలేదు. పద్దెనిమిది వచ్చిన పిల్ల లేచి "రాత్రి చలి కదా మేడమ్" అని కూర్చుంది.

గైడుల్లోంచీ పాత మోడల్ పేపర్లలోంచీ ఏరుకొచ్చే బిట్లు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే:

కిరణజన్య సంయోగక్రియలో విడుదలయ్యే వాయువు
ఎ) హైడ్రోజన్ బి) నైట్రోజన్ సి) ఆక్సిజన్ డి) పైవన్నీ

దీనికి జవాబు పెట్టడానికి పాఠం చదవాల్సిన పని లేదు, టీవీ చూసినవాడైనా పెట్టేస్తాడు.

స్టాఫ్ రూములో రెండు పార్టీలు. ఒకరు, బిట్లు తీసి అవతల పారేసి నాలుగు మార్కుల ప్రశ్నలే ఇవ్వు అంటారు. ఇస్తే ఏమవుతుంది, గైడులో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, అచ్చుతప్పుతో సహా. ఇంకొకరు, రెండు సెక్షన్ల పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటే ఆదివారం మిగలదు, బిట్లే నయం అంటారు. ఆ మాటా నిజమే. పైగా ఎనిమిదో తరగతి పిల్లల్ని స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్ఎమ్ఎమ్ఎస్‌కి తయారుచెయ్యాలి, అందులో తొంభై మెంటల్ ఎబిలిటీ, తొంభై సబ్జెక్టు, మొత్తం బిట్లే. వస్తే ఏడాదికి పన్నెండు వేలు, ఆ ఇళ్లకి అది చిన్న డబ్బు కాదు. కాబట్టి బిట్లు పూర్తిగా మానేసే దారి నాకు లేదు.

అడిగేది ఏంటంటే, పిల్లాడికి అర్థమైందో లేదో బిట్‌తో తెలుసుకోవచ్చా? వీలైతే ఎలా రాస్తున్నారు? ఆప్షన్లు ఎన్ని పెడుతున్నారు, తప్పుకి మార్కులు కోస్తున్నారా? ఊరికే "బట్టీ విధానం పోవాలి" లాంటివి వద్దండీ, చేసి చూసినవి చెప్పండి.


పాలకొల్లు_లెక్కలు:

టీచర్ గారూ, బిట్లు ఉంచండి, ఆప్షన్లు మార్చండి. మీ పిల్ల "రాత్రి చలి కదా" అంది చూశారా, మీకు కావలసిన ఆప్షన్ అదే. గైడు రాసేవాడు ఎంతసేపు కూర్చున్నా ఊహించలేడు దాన్ని, మీ క్లాసులోనే దొరుకుతుంది.

నా సబ్జెక్టులో చెబుతాను. 1/2 + 1/3 ఎంత అని బిట్. గైడులో ఆప్షన్లు 5/6, 7/9, 11/13, 4/15 ఇలా ఉంటాయి. ఆ మూడు తప్పులూ భూమ్మీద ఏ పిల్లాడూ చెయ్యడు, ఎవడైనా పెట్టాడంటే కళ్లు మూసుకుని పెట్టినట్టే లెక్క. నేను ఇచ్చేవి 5/6, 2/5, 1/6, 2/6. ఇందులో 2/5 పెట్టినవాడు పైవి పైవాటికి, కిందివి కిందవాటికి కలిపేశాడు. 1/6 పెట్టినవాడు కూడమంటే గుణించాడు. 2/6 వాడు అందరికంటే దగ్గరగా వచ్చాడు, క.సా.గు. ఆరు అని సరిగ్గానే తీశాడు కానీ పైన ఉన్న ఒకట్లని మార్చకుండా అలాగే కలిపేశాడు. ముగ్గురికీ సున్నానే, కానీ ముగ్గురికీ చెప్పాల్సింది వేరు, అది మార్కుల రిజిస్టర్లో కనపడదు. ఎవడు ఏ ఆప్షన్ పెట్టాడో చూస్తేనే కనపడుతుంది. అందుకే నేను పేపర్లు దిద్దేటప్పుడు బిట్ నంబరు పక్కన ఎ ఎంతమంది, బి ఎంతమంది అని గీతలు పెట్టుకుంటా. ఆ గీతల కాగితం ముందు పెట్టుకునే మర్నాడు క్లాసు చెబుతా.

ఇందులో ఒక మెలిక ఉంది, సరైన జవాబు పెట్టినవాడిని కూడా పూర్తిగా నమ్మకూడదు. 0.45, 0.6, 0.125 వీటిలో పెద్దది ఏది అని అడిగామనుకోండి. 125 పెద్ద అంకె కదా అని 0.125 పెట్టేవాళ్లు కొంతమంది ఉంటారు, వాళ్లు దొరికిపోతారు. కానీ ఇంకో రకం పిల్లలు ఉంటారు, చుక్క తర్వాత అంకెలు ఎక్కువ ఉంటే చిన్నదనీ తక్కువ ఉంటే పెద్దదనీ వాళ్ల సొంత రూలు. వాళ్లు టక్కున 0.6 పెడతారు, మార్కు కొట్టేస్తారు. వాళ్లని పట్టుకోవాలంటే ఆ వెంటనే 0.3, 0.45, 0.725 ఇవ్వాలి. ఇప్పుడు 0.3 పెడతారు. ఒక్క బిట్‌తో తీర్పు చెప్పకండి, జంటగా ఇవ్వండి.

ఆప్షన్లు ఎక్కడ దొరుకుతాయంటే, అదే ప్రశ్న ముందు ఆప్షన్లు లేకుండా ఖాళీగా ఇవ్వండి. వచ్చిన తప్పులన్నీ ఒక నోట్సు వెనక రాసుకోండి. ఎక్కువమంది చేసిన తప్పులు మూడు తీసుకుంటే వచ్చే ఏడాదికి బిట్ తయారు. తొందరేం లేదు, టర్ముకి పది మంచి బిట్లు వచ్చినా చాలు.


రిటైర్డ్‌తెలుగు, అమలాపురం:

ఏమోనమ్మా, నేను మీ స్టాఫ్ రూములో మొదటి పార్టీయే.

పదో తరగతి పరీక్షలో చివరి అరగంట పార్ట్-బి ఇచ్చేవారు, అర మార్కు బిట్లు. ఆ అరగంటా ఇన్విజిలేషన్ చేసినవాడిని అడగండి. ముక్కు గోక్కుంటే ఎ, చెవి పట్టుకుంటే బి. హాలంతా ఒక్కసారిగా దురదలు మొదలయ్యేవి. వ్యాసాన్ని సైగలతో అందించలేరు కదా.

సరే, కాపీ సంగతి వదిలేద్దాం. నా బాధ వేరే. వ్యాసంలో పిల్లాడు రెండు వాక్యాలు రాసి మధ్యలో "కాబట్టి" అని ఒక మాట పెట్టాలి. అది ఎక్కడ పెట్టాడో చూస్తే వాడి బుర్ర ఎలా పనిచేస్తోందో తెలుస్తుంది. బిట్‌లో ఆ "కాబట్టి" మనమే రాసి ఇచ్చేస్తాం, వాడు గుండ్రం నింపితే చాలు. బిట్లు వచ్చి బట్టీని మాన్పించలేదు, బట్టీ సైజు తగ్గించాయి, అంతే. పద్యానికి భావం సొంత మాటల్లో రాయమంటే రెండు వాక్యాలు కుదరని పిల్లలు "ఈ పద్యం ఏ శతకంలోది" అంటే ఠక్కున చెబుతారు.

అయినా పిల్లల్ని అనడం ఎందుకు, మనకి ఉద్యోగాలు ఇచ్చే డీఎస్సీ సంగతి చూడండి. ఎనభై మార్కులకి నూట అరవై బిట్లు. బోర్డు దగ్గర నిలబడి ఒక్క పాఠం చెప్పించుకోకుండానే టీచర్ అయిపోవచ్చు.


పాలకొల్లు_లెక్కలు:

మాస్టారూ, మీ "కాబట్టి" మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మీ సబ్జెక్టులో కూడా బిట్ మరీ అంత పనికిరానిది కాదనుకుంటా. "మహేంద్రుడు ఏ సంధి" అంటే బట్టీ. అదే "దేవేంద్రుడు, సూర్యోదయం, రామాలయం, మహర్షి, వీటిలో చేరనిది ఏది" అంటే నాలుగూ విడదీసి చూసుకోవాలి కదా, మూడు గుణసంధి, ఒక్కటి సవర్ణదీర్ఘం. లెక్కల మాస్టారు సంధులు చెబుతున్నాడని తిట్టుకోకండి.


భీమవరం_గట్టు:

మేడమ్ గారూ నేను టీచర్ని కాదండి, చెరువుల మీద పని. పిల్లోడి చదువు కోసమని ఇలాంటివి చదువుతూ ఉంటాను. ఏరేటర్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా, మీకు బిట్‌కి పనికొస్తుందేమో.

చెరువులో ఆక్సిజన్ ఎక్కువగా వచ్చేది నీళ్లలో ఉండే నాచు వల్లే, ఆ పచ్చదనం అంతా అదే కదండి. పగలంతా ఎండకి అది ఆక్సిజన్ ఇస్తుంది. పొద్దుగూకాక ఇవ్వడం ఆగిపోతుంది, కానీ పీల్చుకోవడం ఆగదు. నాచూ పీలుస్తుంది, రొయ్యా పీలుస్తుంది, అడుగున మిగిలిపోయిన మేత కుళ్లబెట్టే బ్యాక్టీరియా అన్నిటికంటే ఎక్కువ లాగుతుంది. రాత్రంతా ఖర్చే, జమ లేదు. అందుకే డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అర్ధరాత్రికి కాదు, తెల్లవారడానికి ముందు అడుగంటుతుంది. నాలుగు పీపీఎమ్ (లీటరు నీళ్లకి నాలుగు మిల్లీగ్రాములు) కంటే కిందకి దిగుతుంటే మాకు టెన్షన్ మొదలు, అప్పటికి ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. ఆ టైములో కరెంటు పోయిందా, రొయ్యలు గట్టు పక్కకి, పైకి వచ్చేస్తాయి. రోజంతా మబ్బు పట్టి ఉంటే ఇంకా ప్రమాదం, పగలు జమ పడిందే తక్కువ కాబట్టి.

మీ పాప చలి అందన్నారు. నిజానికి చల్లటి నీళ్లలోనే ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుందండి, ఎండాకాలం వేడి నీళ్లతోనే మాకు ఇబ్బంది. అంటే ఆ పాప చెప్పింది ఉల్టా అయింది, కానీ ఊరికే అనలేదు, రాత్రికీ పగటికీ తేడా ఏంటా అని ఆలోచించే చెప్పింది.

నన్నడిగితే "ఎందుకు తిప్పుతారు" అని కాకుండా "ఏ టైముకి ఆక్సిజన్ బాగా తక్కువ" అని అడిగి మధ్యాహ్నం, రాత్రి 8, అర్ధరాత్రి, తెల్లవారుజాము ఇవ్వండి. అర్ధరాత్రి పెట్టినవాడికి పాఠం సగమే ఎక్కినట్టు.


లంకటీచర్:

ఆయ్, ఇది బంగారంలాంటి బిట్ అండీ! అర్ధరాత్రి ఆప్షన్ నాకు తట్టేది కాదు. "చీకటి బాగా పడ్డాక" అని గుర్తున్నవాడు అది పెడతాడు, ఖర్చు కూడుతూ పోతుందని తెలిసినవాడే తెల్లవారుజాము పెడతాడు.

ఇంకో తప్పు కూడా నాకు చాలా పేపర్లలో కనపడుతుంది, మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి అని షిఫ్టులు వేసినట్టు రాస్తారు. శ్వాసక్రియ పగలూ రాత్రీ ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా అంతే.


రాజమండ్రి_బీఈడీ:

కాలేజీలో మూల్యాంకనం పేపరు చెబుతాను. ఇక్కడ చాలామటుకు చెప్పేశారు కాబట్టి మిగిలినవి.

ముందు ఆప్షన్ల సంఖ్య. నాలుగు ఉండాలని దేవుడేం చెప్పలేదు. 2005లో మైకేల్ రోడ్రిగెజ్ అనే ఆయన ఎనభై ఏళ్ల పరిశోధనలన్నీ ముందేసుకుని చూసి మూడు చాలని తేల్చాడు. కారణం మీ అందరికీ తెలిసిందే, నాలుగోది దాదాపు ఎప్పుడూ లెక్క కోసం పెట్టేదే, దాన్ని ఎవడూ ముట్టుకోడు. మీరు ఇచ్చిన ఉదాహరణలో "పైవన్నీ" అలాంటిదే. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. నాలుగు ఆప్షన్లతో ఇరవై బిట్లు గుడ్డిగా కొట్టేస్తే సగటున ఐదు వస్తాయి, సగానికి చేరేవాళ్లు వందకి ఒకళ్లిద్దరే ఉంటారు. అదే మూడు ఆప్షన్లయితే సగానికి చేరేవాళ్లు వందకి తొమ్మిది మంది దాకా ఉంటారు. కాబట్టి ఆప్షన్లు తగ్గిస్తే బిట్లు పెంచండి, మూడు ఆప్షన్లు చదవడానికి టైము కూడా తక్కువ పడుతుంది కాబట్టి సరిపోతుంది. అసలు ప్రమాదం ఐదు బిట్ల స్లిప్ టెస్టులతో. నాలుగు ఆప్షన్లున్నా ఐదింటిలో మూడు గుడ్డిగా తగిలే అవకాశం పదికి ఒకటి. దాన్ని చూసి ఒక పిల్లాడిని తెలివైనవాడు, ఇంకొకణ్ణి మొద్దు అనుకోవడం అన్యాయం.

ఎవడు ఏ ఆప్షన్ పెట్టాడో గీతలు పెట్టుకునే పద్ధతి గురించి. దానికి ఇంకో మెట్టు ఉంది, కష్టమేం కాదు. మార్కుల వరసలో పేపర్లు పేర్చి, పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం విడదీయండి. నలభై మంది క్లాసయితే అటు పదకొండు, ఇటు పదకొండు. ఒక బిట్ పైవాళ్లలో తొమ్మిది మంది, కిందవాళ్లలో ముగ్గురు సరిగ్గా పెట్టారనుకోండి, తేడా ఆరు, దాన్ని పదకొండుతో భాగిస్తే 0.55 వస్తుంది. అది బాగా పనిచేసే బిట్. 0.2 లోపు వస్తే ఆ బిట్‌ని ఒకసారి అనుమానించాలి. కిందవాళ్లే ఎక్కువమంది సరిగ్గా పెట్టారంటే నూటికి తొంభై పాళ్లు కీ తప్పో, ప్రశ్నలో రెండర్థాలో ఉంటాయి, తెలివైనవాడు రెండో అర్థం పట్టుకుని నష్టపోయి ఉంటాడు. ఇది చేశాక ప్రశ్నలో నా మాటే కరెక్టు అనే పట్టుదల చాలామంది టీచర్లకి తగ్గుతుంది.

తప్పుకి మార్కులు కొయ్యడం స్కూల్లో వద్దు. అక్కడ మనకి కావలసింది పిల్లాడు ఏమనుకుంటున్నాడో తెలియడం. కోత పెడితే భయపడి ఖాళీగా వదిలేస్తాడు, మనకి తెలియాల్సిన తప్పు మనదాకా రాదు.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. తప్పు ఆప్షన్లు చదవడం వల్లే పిల్లలకి తప్పు అంటుకునే ప్రమాదం ఉంది. రోడిగర్, మార్ష్ అనే ఇద్దరు 2005లో ఇది చూపించారు, బిట్లు రాసినవాళ్లకి తర్వాత ఆప్షన్లు లేకుండా పరీక్ష పెడితే అంతకుముందు పెట్టిన తప్పు జవాబులు కొన్ని నిజమనుకుని రాశారు. పరీక్ష మేలే ఎక్కువ చేసింది, కానీ ఈ చెడు కూడా చేసింది. దీనికి విరుగుడు చేతిలోనే ఉంది, జవాబు అదే రోజు చెప్పెయ్యాలి. పేపర్లు దిద్ది వారానికి ఇస్తే ఈలోపు తప్పు స్థిరపడిపోతుంది.

మాస్టారు గారు బిట్లని ఆడిపోసుకున్నారు కాబట్టి ఒక సంగతి. ఈ పద్ధతి మొదలైందే టీచరు ఇష్టాయిష్టాల మీద అనుమానంతో. 1914, 15 ప్రాంతంలో అమెరికాలో కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన చదివే పరీక్ష ఒకటి ఇలా తయారుచేశాడు, ఒకే పేపరుకి ఒక్కో టీచరు ఒక్కోలా మార్కులు వెయ్యడం మాన్పించాలని, దిద్దే టైము తగ్గించాలని. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి వచ్చేవాళ్లని లక్షల్లో జల్లెడ పట్టడానికి వాడేసరికి ఇక ఆగలేదు. మీరు వ్యాసాలు దిద్దేటప్పుడు దస్తూరి బాగుంటే ఒక మార్కు ఎక్కువ వెయ్యలేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి మాస్టారూ!


రిటైర్డ్‌తెలుగు, అమలాపురం:

వేశాను. దస్తూరి కూడా చదువే.


బైపీసీ_తణుకు:

సార్, మేడమ్, నేను ఇంటర్ అయిపోయి నీట్ రాస్తున్నా. మీరంతా బిట్లు రాసేవైపు నుంచి మాట్లాడుతున్నారు, కొట్టేవైపు నుంచి కొంచెం చెబుతా, తిట్టొద్దు.

జవాబు తెలియకపోతే అందరికంటే పొడుగ్గా ఉన్న ఆప్షన్ పెడతాం. ఎందుకంటే సరైనదాన్ని తప్పు లేకుండా రాయాలని సార్లు దానికే "సాధారణంగా", "కొన్ని పరిస్థితుల్లో" అని తోకలు తగిలిస్తారు. "ఎల్లప్పుడూ", "ఎప్పటికీ" ఉన్నది తప్పని తీసేస్తాం. "పైవన్నీ" ఎప్పుడో ఒకసారి కనపడిందంటే అదే జవాబు, ఎందుకంటే కాకపోతే ఎందుకు పెడతారు అనిపిస్తుంది. రెండు ఆప్షన్లు ఒకదానికొకటి ఎదురుగా ఉంటే ఆ రెండింటిలోనే ఒకటి. ప్రశ్నలో ఉన్న మాట ఆప్షన్లో కనపడితే అదే. లెక్కల్లో అయితే చెయ్యక్కర్లేదు, ఆప్షన్లు ఒక్కొక్కటీ సమీకరణంలో వేసి చూస్తే చాలు. ఇవన్నీ మాకు హాస్టల్లో పాఠంలాగే నేర్పుతారు, ఎలిమినేషన్ అని.

ఈఏపీసెట్లో నూట అరవై బిట్లు, తప్పుకి కోత లేదు, కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి పెట్టేస్తాం. నీట్‌లో రైటుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత. భయపెడతారు గానీ లెక్క వేస్తే నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా కొట్టినా సగటున బిట్‌కి పావు మార్కు లాభమే. ఒక్క ఆప్షన్ ఖాయంగా తప్పని తెలిసినా ఆ లాభం ఇంకా పెరుగుతుంది. మాలో కొంతమందికి జీవశాస్త్రం కంటే ఈ లెక్కే బాగా వచ్చు.

నాకు నిజంగా అర్థమయ్యేలా చేసిన బిట్లు మాత్రం ఒకే సార్ ఇచ్చేవారు. ప్రతి బిట్ కింద "మిగతా మూడూ ఎందుకు కావు" అని మూడు గీతలు ఉండేవి. వారానికి పది బిట్లే. అందరం తిట్టుకున్నాం ఆయన్ని, మిగతా సెక్షన్లకి రోజుకి వంద బిట్లు అవుతుంటే మాకు పదేంటని.


పాలకొల్లు_లెక్కలు:

బాబూ తణుకూ, నువ్వు చెప్పినవి ప్రింటు తీసి మా స్టాఫ్ రూములో అంటిస్తా. లెక్కల బిట్ గురించి చెప్పింది మరీ నిజం. "x విలువ ఎంత" అని అడిగితే ఆప్షన్లు వేసి చూసుకుంటారు, అందుకే నేను "x + 3 విలువ ఎంత" అనో "మొదటి తప్పు ఏ మెట్టులో జరిగింది" అనో అడుగుతా. రెండోది బాగా పనిచేస్తుంది, చేసిన లెక్క మొత్తం నాలుగు మెట్లుగా ఇచ్చి ఎక్కడ తప్పిందో పట్టుకోమంటే ఎలిమినేషన్ పనికిరాదు.


రాజోలు_చిన్నబడి:

మాది ఐదో తరగతి వరకే. పేపరు, జిరాక్సు ఖర్చు లేకుండా నేను చేసేది రాస్తున్నాను. ప్లికర్స్ అని ఉంది, పిల్లలకి తలా ఒక కార్డు, దాని మీద చదరంగా ఒక గుర్తు ప్రింటు చేసి ఉంటుంది, నాలుగు అంచులకి నాలుగు ఆప్షన్లు. జవాబు ఏదనుకుంటే ఆ అంచు పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటారు. నేను నా ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏది పెట్టారో వచ్చేస్తుంది. ఫోను నాకొక్కదానికి ఉంటే చాలు, పిల్లలకి అక్కర్లేదు. కార్డు మీద అక్షరాలు చాలా చిన్నవి కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు, మాస్టారు గారు చెప్పిన దురదల బాధ లేదు. కార్డులు మాత్రం లామినేషన్ చేయించండి, లేకపోతే వానాకాలం చెమ్మకి ముడుచుకుపోతాయి, కెమెరా పట్టుకోదు.

నెట్ లేని రోజున కళ్లు మూసుకోమని, గుండెకి ఆనించి వేళ్లు చూపించమంటా. ఒకటి ఎ, రెండు బి. చూడగానే తెలిసిపోతుంది క్లాసు ఎటు ఉందో.

అందరూ ఒకే జవాబు పెడితే ముందుకి వెళ్లిపోతా. సగం సగం చీలితే జవాబు చెప్పను, పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోండి అని మళ్లీ చూపించమంటా. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెద్ద పిల్లలతో ఇదే చేశాడట. మా పిల్లలైతే వాదన కాస్తా గొడవ అయిపోతుంది ఒక్కోసారి, అయినా ఆ గొడవ పాఠం గురించే కదా.


లంకటీచర్:

అందరికీ థాంక్సండీ. తణుకు బాబు చెప్పిన మూడు గీతలూ, మాస్టారు గారి "కాబట్టి" కలిపి చూస్తే నాకు ఒకటి తట్టింది, బిట్‌ని రెండు ముక్కలు చెయ్యడం. ముందు జవాబు, దాని కిందే కారణం. రెండూ సరిగ్గా పెడితేనే మార్కు. ఇలా రాశాను, చూసి చెప్పండి:

1. రొయ్యల చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ ఏ వేళకి అతి తక్కువగా ఉంటుంది?
ఎ) మధ్యాహ్నం 2 బి) రాత్రి 8 సి) అర్ధరాత్రి 12 డి) తెల్లవారుజామున 5

2. దానికి కారణం
ఎ) రాత్రి చల్లటి నీటిలో ఆక్సిజన్ కరగదు
బి) మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసక్రియ జరుపుతాయి
సి) వెలుతురు లేనందువల్ల నాచులో కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, కానీ నాచుతో సహా చెరువులోని జీవులన్నీ రాత్రంతా శ్వాసిస్తూనే ఉంటాయి

కారణానికి ఆప్షన్లు మూడే పెట్టాను, రాజమండ్రి వారి మాట మీద.


పాలకొల్లు_లెక్కలు:

కారణాలు బ్రహ్మాండం. కానీ తణుకు బాబు ఏం చెప్పాడు, సి చూడండి ఎంత పొడుగుందో! "రాత్రి ఆక్సిజన్ తయారీ ఆగుతుంది, వాడకం ఆగదు" అని కుదించండి, మూడూ ఒక సైజుకి వస్తాయి.


రిటైర్డ్‌తెలుగు, అమలాపురం:

రెండో దాంట్లో ఆప్షన్లు తీసేసి రెండు గీతలు ఇవ్వమ్మా, వాళ్లనే రాయమను. ఇరవై బిట్లలో ఒక్కదానికి ఇస్తే నీ ఆదివారం ఏం పోదు.


భీమవరం_గట్టు:

మేడమ్ గారూ ఒక్క మాట. మొదటి బిట్ మా వైపు ఇస్తే చెరువుల ఇళ్ల పిల్లలు పాఠం చదవకపోయినా పెట్టేస్తారండి. తెల్లారుజామున నాన్న లేచి మోటారు చూసుకోవడం రోజూ చూస్తారు కదా, మిగతా పిల్లలకి అన్యాయం అవుతుంది. దాంతోపాటు ఆక్సిజన్ అతి ఎక్కువ ఎప్పుడు అని కూడా అడగండి. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు అంటారు చాలామంది. కాదండి, పొద్దున్నుంచీ కూడుతూ వచ్చి మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకి పూర్తిగా పైకి వస్తుంది. ఆ టైములో గట్టు మీద ఎవరికీ భయం ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తరు.